బాలింత గదిలో ప్రాసెసర్

ఎర్రమెట్ట కాలనీ, మార్స్. నీళ్ళ విభాగం చిట్టా. రాస్తున్నది నాంచారమ్మ.

సోమవారం

ఈ రోజు నీళ్ళు స్నానాల గదుల్లో వేడిగా, వంటశాలలో గోరువెచ్చగా, బడిలో చల్లగా వచ్చాయి. బడి పిల్లలు ఎలాగూ చేతులు కడుక్కోరు కాబట్టి ఫిర్యాదులేవీ లేవు.

దుమ్ము తుఫాను తగ్గలేదు. సోలార్ పలకల నుంచి వచ్చే కరెంటు సగానికి పడిపోయింది. మా అల్లుడు రాజశేఖరం సూటు తొడుక్కుని వెళ్ళి పలకలు తుడిచి వస్తాడు, అతను లోపలికొచ్చి హెల్మెట్ తీసేలోపే అవి మళ్ళీ ఎర్రబడతాయి. గదుల్లో హీటర్లకి కోత పెట్టారు. ఊళ్ళో అందరం ఉన్న బట్టలన్నీ ఒంటి మీదే వేసుకుని తిరుగుతున్నాం.

భూమి మీది సామాను కమిటీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఇక మీదట ప్రాసెసర్లని విడిగా పంపాలా, లేక చల్లబరిచే సరంజామాతో కలిపి పంపాలా అని. విడిగా వస్తే గొట్టాలు మేమే అమర్చుకుంటాం. ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే. కలిపి పంపితే పంపు, గొట్టం, అందులో తిరిగే ద్రవం, వేడిని వదిలే రేడియేటర్ రేకు, దాని వెనక ఫ్యాను, అన్నీ ఒకే ముక్కగా సీలు వేసి వస్తాయి. మనం చెయ్యి పెట్టకూడదు. రేకుని బయటి గోడకి అవతలి వైపు బిగించాలట. అంటే వేడంతా తీసుకెళ్ళి అంగారకుడికి నైవేద్యం పెట్టాలన్న మాట.

నేను వద్దని రాశాను. కమిటీ వాళ్ళకి ఇక్కడి సంగతి తెలియదు కాబట్టి కారణం కూడా రాశాను. మాకు ప్రాసెసర్ అంటే గాలీ నీళ్ళూ చూసుకునే యంత్రం మాత్రమే కాదు, మా పొయ్యి కూడా అదే. కరెంటు ఎంత తగ్గినా ప్రాసెసర్‌కి మాత్రం కోత పెట్టకూడదని రూలు. అది ఎక్కువ పని చేస్తే ఎక్కువ వేడెక్కుతుంది. దాని చుట్టూ తిరిగొచ్చిన నీళ్ళే మా స్నానాలకీ గోడలకీ వెళ్తాయి. అందుకని ఇక్కడ ఎవరికి వేడినీళ్ళు కావాలన్నా ముందు దానికి ఒక లెక్క ఇస్తారు. ఉపయోగం ఉన్న లెక్కే కానక్కర్లేదు. కొత్త పెళ్ళికూతురికి మంగళస్నానమైతే ఊళ్ళో ఆడవాళ్ళంతా తలో లెక్కా వేస్తారు. హీటర్‌కి కోత ఉంది గానీ లెక్కకి కోత లేదు.

స్టోరు చూసే పుండరీకం గారు మాత్రం "తప్పకుండా కలిపే పంపండి" అని రాశారు. ఆయన నాకు వియ్యంకుడు, రాజశేఖరానికి తండ్రి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట వినేసరికి నాకు ఒళ్ళు మండింది.

"మీ గొట్టాలకి ఎన్ని అతుకులున్నాయో మీకైనా తెలుసా చెల్లెమ్మా?" అన్నారు, పప్పు కలుపుకుంటూ.

"ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కారిందా అన్నయ్యగారూ?"

"కారిన రోజున చెప్పుకోడానికి మనం ఉండాలి కదా. నీళ్ళూ ప్రాసెసరూ పక్కపక్కన పెట్టుకుని ఇంత ధీమాగా ఉన్నారంటే మీ గుండె మామూలు గుండె కాదు."

"వేడంతా బయట పారబోసుకుని లోపల వణుకుతూ కూర్చోమంటున్నారు. మీదీ మామూలు బుర్ర కాదు."

మా అమ్మాయి స్వరూప మా ఇద్దరి మధ్యా కూర్చుని నవ్వుతోంది. ఏడో నెల దానికి. "మీ మధ్య ఒక గిన్నె పెడితే ఆ వేడికే అన్నం ఉడికిపోతుంది, హీటర్లెందుకు?" అంది. పుండరీకం గారు కోడలి కంచంలో తన పెరుగు కూడా వేసి లేచిపోయారు.

మంగళవారం

కారింది.

ప్రాసెసర్‌కి సరిగ్గా పైన ఉన్న మలుపు దగ్గర, నేను నా చేతులతో బిగించిన అతుకే. ఎప్పటి నుంచి కారుతోందో తెలియదు. పొద్దున వెళ్ళేసరికి ప్రాసెసర్ చచ్చి ఊరుకుంది. అదృష్టం కొద్దీ చిన్నది అందుకుంది. చిన్నది అని మేం పిలిచేది పక్కన పెట్టుకున్న పాత ప్రాసెసర్‌ని. దానికి ఒక్క గాలి సంగతి తప్ప ఇంకేమీ చేతకాదు. గాలి మాత్రం ఆగలేదు. గోడ మీద మీటరు చూసి, ముల్లు కదలకుండా నిలబడి ఉంటే, అక్కడే కింద కూలబడి దణ్ణం పెట్టాను.

పుండరీకం గారు వచ్చి చూశారు. "నేను చెప్పలేదా" అంటారని తయారుగా ఉన్నాను. తుడవడానికి గుడ్డ తెచ్చిచ్చారు. అన్నా బాగుండేది.

స్టోర్లో కొత్త ప్రాసెసర్ ఒకటి ఉంది. కిందటి ఓడలో నమూనాగా పంపారు. కలిపి పంపిన రకం, సీలు వేసినదే. వేరే దారి లేదు. సాయంత్రానికల్లా తీసి పెట్టాం. గాలి దానికి అప్పగించాం, చిన్నది ఊపిరి పీల్చుకుంది. రేకుని బయట బిగించాలంటే తుఫాను తగ్గాలి కదా, అందాకా ప్రాసెసర్ గదిలోనే గోడకి ఆనించి ఉంచాం. ఇక నా గొట్టాల్లో ఉన్న నీళ్ళన్నీ చల్లబడిపోయాయి. స్నానాలు లేవు. ఆస్పత్రి గోడల్లో తిరిగే వేడినీళ్ళు కూడా లేవు.

ఇది రాస్తుండగా రాజశేఖరం వచ్చాడు. "అత్తయ్యా, స్వరూపకి నొప్పులొస్తున్నాయి" అన్నాడు. అతని మొహంలో రక్తం లేదు. ఇంకా నెలలు నిండలేదు. వెళ్తున్నాను.

బుధవారం

ఆడపిల్ల. నా అరచెయ్యీ మోచెయ్యీ కలిపితే అంతే ఉంది. ఏడ్చింది గానీ పిల్లికూన అరిచినట్టు సన్నగా.

స్వరూపకి చాలా రక్తం పోయింది. ప్రాణానికి భయం లేదని డాక్టర్ రజియా అన్నాక గానీ నేను కూర్చోలేదు. కానీ అది వణికిపోతోంది, బిడ్డని గుండెల మీద పెట్టుకునే శక్తి లేదు. ఇంక్యుబేటర్‌లో హీటర్ తీగ మొన్ననే కాలిపోయింది, కొత్తది వచ్చే ఓడలో గానీ రాదు. ఊళ్ళో వాళ్ళంతా తమ హీటర్ల వాటా ఆస్పత్రికి ఇచ్చేశారు, అడక్కుండానే. అయినా గది వేడెక్కదు. ఆ గదిని కట్టిందే గోడల్లో వేడినీళ్ళు తిరుగుతాయన్న ధైర్యంతో. ఆ ధైర్యం చెప్పిందీ నేనే.

పొద్దుటి నుంచీ బిడ్డ నా రొమ్ము మీదే ఉంది, పైన ఊరందరి దుప్పట్లూ ఉన్నాయి. మధ్యాహ్నానికి దాని పాదాలు చల్లబడ్డాయి. గోళ్ళ దగ్గర నీలంగా కనిపించింది. చెంచాతో పాలు పోస్తే మింగడం మానేసింది.

"నాంచారమ్మ గారూ, ఒంటి వేడి ఒక్కటే సరిపోవట్లేదు," అంది రజియా. "అది పీల్చే గాలి కూడా చల్లగానే ఉంది. గది వేడెక్కాలి. ఈ సాయంత్రం లోపల వేడెక్కాలి." ఆ పిల్ల ఎప్పుడూ మెత్తగా మాట్లాడుతుంది. ఇప్పుడూ మెత్తగానే అంది, అందుకే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అల్లుడి చొక్కా విప్పించి, బిడ్డని అతని ఛాతీ మీద పెట్టి, దుప్పట్లు కప్పి, పైపు కోసే కత్తెర తీసుకుని ప్రాసెసర్ గదికి వెళ్ళాను. సీలు కోసి, ఆ ద్రవాన్ని వదిలేసి, నా నీళ్ళు ఎక్కిస్తే గోడలు వేడెక్కుతాయి. నా బుర్రలో ఇంకేమీ లేదు.

పుండరీకం గారు అక్కడే ఉన్నారు. కత్తెర చూడగానే ఆయనకి అర్థమైంది. లేచి వచ్చి, ప్రాసెసర్‌కీ నాకూ మధ్య, ఆ రేకుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నారు.

"లేవండి అన్నయ్యగారూ."

"లేవను. మన నీళ్ళల్లో ఉన్న సున్నానికి దీని సన్న గొట్టాలు రెండు రోజులు ఆగవు. ఇది పోతే గాలెవరిస్తారు? చిన్నది నిన్న ఒక్క పూట మోసేసరికే గురక పెట్టింది."

"రెండు రోజులుంటే చాలు నాకు. ఈ సాయంత్రం గడిస్తే చాలు."

"ఆ తర్వాత ఈ ఊరంతా?"

"మీకు గుండె ఉందా అసలు? అది మీ మనవరాలు కూడా."

"అందుకే కూర్చున్నాను చెల్లెమ్మా. దాని ఊపిరి కూడా దీంట్లోనే ఉంది." అని మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆయన భార్య పోయిన రోజున కూడా ఆయన కంట్లో నీళ్ళు నేను చూడలేదు.

ఆయన్ని లాగెయ్యగలిగేదాన్నే, బక్క మనిషి. కానీ ఆయన చెప్పింది నిజం. కత్తెర కింద పెట్టి ఎదురుగా కూర్చుని ఏడ్చాను. ఇద్దరం అలా ఎంతసేపు కూర్చున్నామో. ఆయన కాస్త ముందుకి జరిగారు. మళ్ళీ కాస్త జరిగారు. చొక్కా వెనక్కి చెయ్యి పెట్టుకున్నారు.

"ఏమైంది?"

"వీపు కాలిపోతోంది."

ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఇద్దరం ఒకేసారి రేకు వైపు చూశాం.

ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నాను. ఇది మా ఊరి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. ఎర్రమెట్టలో వేడి అంటే నీళ్ళే. వేడి గొట్టంలో నుంచి వస్తుంది, గొట్టంలోకి పోతుంది. ఇంకో రకంగా వస్తుందని ఇక్కడ ఎవరికీ తట్టదు. కోసి నీళ్ళు ఎక్కించాలని నేను, కోయకూడదని ఆయన, ఇంతసేపూ కొట్టుకున్నాం. ఇంతలో ఆ రేకు నిన్న సాయంత్రం నుంచీ గోడకి ఆనుకుని ఖాళీ గదిని వేడి చేస్తూ కూర్చుంది. నేను ఆ గదిలోకి వచ్చి శాలువా తీసి పక్కన పెట్టాను కూడా, ఎందుకు తీశానో ఆలోచించకుండా.

"దీన్ని బిడ్డ గదిలో పెడదాం," అన్నాను.

"గొట్టం పొట్టి," అన్నారు ఆయన. "మంచం పొడుగు కూడా లేదు. ఆస్పత్రి దాకా ఎక్కడొస్తుంది?"

"రేకు ఒక్కటే ఎందుకు? మొత్తం మోసుకుపోదాం."

ప్రాసెసర్‌ని దాని గదిలోంచి కదపకూడదని ఆయన నాకు చెప్పినన్ని సార్లు ఇంకెవరికీ చెప్పి ఉండరు. రేకు బయటే బిగించాలన్న కాగితం ఆయన బల్ల మీదే ఉంది. "చిన్నదాన్ని లేపండి," అన్నారు, నడుం బిగించుకుంటూ.

గాలిని మళ్ళీ చిన్నదానికి అప్పగించి, వంటశాల నుంచి ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి, నలుగురం కలిసి మోశాం. ప్రాసెసరూ రేకూ మధ్య గొట్టం మడత పడకుండా పుండరీకం గారు దాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచారు, దారంతా "మెల్లిగా, మెల్లిగా" అంటూనే. వైర్లు పై కప్పులోంచి లాగాం, అవి చాలినంత ఉన్నాయి. గుమ్మం దగ్గర రజియా ఆపింది. "బాలింత గది, చెప్పులు విప్పి రండి," అంది. చేతుల్లో ఊరి గాలి మొత్తం మోస్తూ నలుగురం నిలబడి కాళ్ళతో చెప్పులు విప్పుకున్నాం.

మంచానికి పక్కన పెట్టి, గాలి దానికి అప్పగించాం. రేకు వెచ్చగా ఉంది. కానీ వెచ్చగా ఉంటే చాలదు. ఒక్క గాలి చూసుకోవడం దానికి పనే కాదు.

"లెక్కలు కావాలి," అన్నాను. పుండరీకం గారు మైకు దగ్గరికి పరిగెత్తారు. ఊరందరికీ వినపడింది ఆయన గొంతు. "అయ్యా, అమ్మా, మా మనవరాలికి చలేస్తోంది. మీ దగ్గరున్న లెక్కలన్నీ ఇవ్వండి. ఎంత పెద్దవైతే అంత మంచిది."

వంటశాల రమాదేవి ఇరవై ఒక్క చుక్కల ముగ్గుని ఎన్ని రకాలుగా వెయ్యొచ్చో అన్నీ వేసి చూపించమంది. బడి పిల్లలు ఈ తుఫానులో లేచిన దుమ్ము రేణువులన్నీ లెక్కపెట్టమన్నారు. పెళ్ళిళ్ళు కుదిర్చే నాగభూషణం గారు ఊరందరినీ ఒకే భోజనాల బంతిలో కూర్చోబెట్టాలి, పడని వాళ్ళు ఎదురెదురుగా రాకూడదు, అన్ని వరసలూ కావాలన్నారు. అది చాలా పెద్ద లెక్క అయింది, మా ఊరి సంగతి తెలిసిన వాళ్ళకి ఆశ్చర్యమేమీ ఉండదు. పంచాంగం చూసే సోమయాజులు గారు, ఇక్కడ పుట్టిన పిల్ల కాబట్టి భూమిని కూడా గ్రహాల్లో కలిపి, రెండు చందమామలతో వెయ్యేళ్ళ పంచాంగం వెయ్యమన్నారు.

రేకు ఫ్యాను హోరుమంది. గదిలో వేడి చూపే ముల్లు లేచింది. పుండరీకం గారు గది ముల్లు చూడట్లేదు, ప్రాసెసర్ ముల్లు చూస్తున్నారు. అదీ లేచింది. ఎర్ర గీత దగ్గర దాకా వెళ్ళింది. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడో తెలియదు. గీతకి ఇవతలే ఆగింది. ఆగి, అక్కడే నిలబడింది.

"బయటికన్నా ఇక్కడే బాగా పనిచేస్తోందే," అన్నారు మెల్లిగా. బయట గాలి పేరుకే ఉంది, లోపల చిక్కటి గాలి ఉంది, ఫ్యానుకి తోసుకోడానికి ఏదో దొరికింది. ఇద్దరం అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం.

బిడ్డ పాదాలు నేను చేత్తో పట్టుకునే కూర్చున్నాను. ముందు కుడి పాదం వెచ్చబడింది. నా చెయ్యి వేడేమో అనుకుని రజియాని పట్టుకోమన్నాను. ఆ పిల్ల పట్టుకుని, కళ్ళు మూసుకుని, "వెచ్చగా ఉంది," అంది. గోళ్ళ దగ్గర నీలం పోయి గులాబీ రంగు వచ్చింది. ఉగ్గుగిన్నెతో పాలు పోస్తే గుటక వేసింది. ఆ గుటక చప్పుడు ఫ్యాను హోరులో కూడా నాకు వినపడింది. అల్లుడు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఆకలి వేసింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

శనివారం

నీళ్ళు ఎక్కడా వేడిగా లేవు, ఆస్పత్రిలో తప్ప. అక్కడ రేకు ముందు స్టీలు బిందెలు వరసగా పెట్టాను. అవి కాగుతాయి. స్వరూపకి ఆ నీళ్ళతోనే స్నానం చేయించాను. మూడు రోజుల తర్వాత దాని మొహంలో కళ వచ్చింది. లేచి దిండుకి ఆనుకుని కూర్చుని, బిడ్డని తనే గుండెల మీద పెట్టుకుంది.

ఊళ్ళో అందరికీ ఒకేసారి జబ్బులొచ్చాయి. ఒకరికి మోకాలు, ఒకరికి దగ్గు. రజియా అందరినీ చూసి, "రేకు ముందు పది నిమిషాలు కూర్చుని వెళ్ళండి, తగ్గిపోతుంది," అంటోంది. రమాదేవి పాలకి తోడు పెట్టి గిన్నె మంచం కింద దాచింది. తెల్లారేసరికి గడ్డ పెరుగు.

కమిటీకి జవాబు మార్చి రాయాలి. పుండరీకం గారూ నేనూ కలిసే రాద్దామని కూర్చున్నాం.

"కలిపే పంపమని రాయండి," అన్నారు ఆయన. "ఇక మీ అతుకుల మీద నాకు నమ్మకం లేదు చెల్లెమ్మా, ఏమీ అనుకోకండి."

"అనుకోను. నాకే లేదు. కానీ వేడి ఎక్కడికి పోవాలో వాళ్ళు చెప్పకూడదు. అది మాత్రం రాయాల్సిందే."

"గొట్టం పొడుగ్గా పంపమని కూడా రాయండి. ప్రతి పురుడికీ నేను ప్రాసెసర్‌ని మొయ్యలేను."

చివరికి ఇలా రాశాం. చల్లబరిచే సరంజామాతో కలిపి, సీలు వేసే పంపండి. సీలు మేం ముట్టుకోం. గొట్టం మాత్రం పొడుగ్గా ఉండాలి. రేకు ఎక్కడ పెట్టుకోవాలన్నది మా ఇష్టం. ఇద్దరం సంతకాలు పెట్టాం.

"అయితే ఎవరు గెలిచినట్టు?" అంది స్వరూప మంచం మీద నుంచి. మేమిద్దరం ఒకేసారి "నేనే" అన్నాం. బిడ్డ ఉలిక్కిపడి లేచింది. మనవరాలి ముందు గొంతు పెంచకూడదని ఇద్దరికీ రజియా చీవాట్లు పెట్టింది.

సోమయాజులు గారు వేయించిన బిడ్డ జాతకం వచ్చింది. భూమి పదకొండో ఇంట్లో ఉందట. మంచిదేనట.

గురువారం

పొద్దున్నే రజియా కబురు పంపింది, ఉన్నపళంగా రమ్మని. పరిగెత్తాను. పుండరీకం గారు నాకన్నా ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఒక కాలికి చెప్పు విప్పి, ఒక కాలికి విప్పకుండా.

బిడ్డ మెడ మీదా వీపు మీదా ఎర్రగా సన్నటి పొక్కులు. స్వరూప బిక్కమొహం వేసుకుని కూర్చుంది. రజియా దీపం దగ్గరగా పట్టుకుని చూస్తోంది.

"జ్వరం లేదు. పాలు బాగా తాగుతోంది. నాకు ఒకటే తోస్తోంది గానీ, ఇక్కడ అది ఎలా వస్తుందో అర్థం కావట్లేదు," అంది. ఆ పిల్ల ఎర్రమెట్టలోనే పుట్టింది, స్వరూపలాగే. "మీరు పుట్టింది బందరులో కదా నాంచారమ్మ గారూ. మీకెప్పుడైనా ఇలాంటివి వచ్చాయా?"

బిడ్డని ఎత్తుకుని వెలుతురులోకి తిప్పి చూశాను. మెడ మడతలో చెయ్యి పెడితే తడి తగిలింది. ఆ తడి ఏమిటో నాకు వెంటనే తట్టలేదు. ఈ గ్రహం మీద ముప్ఫై ఏళ్ళుగా ఎవరి మెడ మీదా నేను దాన్ని చూడలేదు. తట్టాక నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, బుధవారం నాడు ఏడవాల్సినవన్నీ ఇప్పుడు వచ్చాయి.

"ఏంటి చెల్లెమ్మా, చెప్పండి, చంపకండి," అన్నారు పుండరీకం గారు.

"చెమటకాయలు అన్నయ్యగారూ. పిల్లకి ఉక్కపోస్తోంది."

రజియా దీపం కింద పెట్టేసి, "నేననుకున్నది అదే," అని మంచం అంచు మీద కూర్చుండిపోయింది. స్వరూప "అంటే ఏంటమ్మా?" అని అడిగింది. దానికి ఎలా చెప్పను? పుండరీకం గారు మైకు దగ్గరికి వెళ్ళి ఊరందరికీ చెప్పారు, ఇక చాలు, లెక్కలు ఆపండి, మనవరాలికి ఎక్కువైంది అని. సోమయాజులు గారి పంచాంగం ఏడు వందల ఏళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆయన ఏమీ అనుకోలేదు.

బిడ్డకి చొక్కా విప్పి, తడిగుడ్డతో మెడ తుడిచి, పల్చటి బట్ట మీద పడుకోబెట్టాను. విసనకర్ర ఈ ఊళ్ళో ఎవరింట్లో ఉంటుంది? ప్రాసెసర్ పెట్టె అట్ట ఒక ముక్క చింపుకుని, పక్కన కూర్చుని విసురుతున్నాను. చెయ్యి నొప్పి పుడితే పుండరీకం గారు అందుకుంటున్నారు.